లైసెన్సు వచ్చిన పిమ్మట

1878వ సంవత్సరపు ఆయుధచట్టము క్రింద భారతీయుఁడు తుపాకి ముట్టుటకు లైసెన్సు కావలసి యుండఁగా, ఐరోపావాసులకు మినహాయింపు లభించుచుండెను. నియమములకు లోఁబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది ఆ యవమానమును ఎఱిఁగియే. 1959వ సంవత్సరపు చట్టము పాతదానిని తొలఁగించెను, లైసెన్సును తొలఁగింపలేదు. తొలఁగింపవలెనని మేమును కోరము. 2019 సవరణతో ఒక్కని యొద్ద నుండఁదగిన తుపాకులు మూఁడునుండి రెంటికి దిగినవి. అందువలన కొనెడి యొక్కటి యెట్టిదో విచారింపవలసిన యగత్యము హెచ్చినది.

అంగడికిఁ బోయినవారు మెఱుఁగును, వెలను విచారింతురు. చేయి జాఱి నేలఁబడిన నేమగునని అడుగువారు అరుదు.

వెనుకటి రివాల్వరులలో గుఱ్ఱమును బొటనవ్రేలితో వెనుకకు లాగిననే గాని కాల్పు జరుగదు. 1873 నాఁటి కోల్టు అట్టిది. దాని గుఱ్ఱము తూటాపై నానియుండును గనుక, తెలిసినవారు ఆఱు గదులలో ఐదే నింపి, గుఱ్ఱము క్రింది గదిని వట్టిగా నుంచెడివారు. తరువాత వచ్చిన రివాల్వరులలో ట్రిగ్గరు నొక్కుటయే గుఱ్ఱమును లేపి విడుచును. ఆ నొక్కుడు దీర్ఘము, బరువు; పొరపాటునఁ దగిలిన వ్రేలికి తేలికగా లొంగదు. ట్రిగ్గరు పూర్తిగా లాగిననే గుఱ్ఱపు దెబ్బను సూదికి చేర్చెడి పలక పందొమ్మిదవ శతాబ్ది చివరనే వాడుకకు వచ్చినది. ఆ పలక గలదా యని కొనువాఁడు మొట్టమొదట అడుగవలెను.

పిస్తోలు వేఱు. 1911 నాఁటి కోల్టు పిస్తోలులో బొటనవ్రేలి కీలొకటి, పిడి వెనుక కీలొకటి యున్నవి; గుఱ్ఱము ఎత్తియుంచి కీలు వేసి మోయుట దాని రీతి. నిత్యాభ్యాసము గలవానికి అది మేలైనదే. 1929లో వచ్చిన వాల్తరు పీపీలో తొలి కాల్పునకు బరువైన నొక్కుడు, తరువాతివానికి తేలికైన నొక్కుడు. కీలు దింపిన గుఱ్ఱము అపాయము లేక దిగును. 1982 నాఁటి గ్లాకు 17 నందు చేతితో వేయఁదగిన కీలే లేదు. లోపలి మూఁడు రక్షణలు ట్రిగ్గరు లాగఁగానే వాటంతట తొలఁగును. లాగినది యజమానుని వ్రేలో, బిడ్డ వ్రేలో యంత్ర మెఱుఁగదు. అయినను ఆ 9 మిల్లీమీటరుల గుండు మన దేశమున సామాన్యునకు నిషిద్ధమే.

పిస్తోలుతో పెద్ద యపాయము మఱొకటి. మేగజైను తీసినను గొట్టములో నొక తూటా నిలిచి యుండవచ్చును. మేగజైను లేనిదే ప్రేలకుండఁజేయు రక్షణ 1935 నాఁటి బ్రౌనింగు హైపవరులో నున్నది గాని, అన్నిటను లేదు. "తీసివేసితిని గదా" యనుకొని ట్రిగ్గరు లాగినవారి వలన నెన్ని యిండ్లు చెడినవి! రివాల్వరును విప్పినచో ఆఱు గదులును కంటికిఁ గనఁబడును.

కావున గృహస్థునకు కాన్పూరున తయారగు .32 జాతి రివాల్వరు చాలునని మా యభిప్రాయము. ఆఱు తూటాలే యను నాక్షేపణ గలదు. ఇల్లు యుద్ధభూమి కాదు గదా! 2014లో వచ్చిన నిర్భీక్ అర కిలో బరువు. తేలికైనది సంచిలో నిముడును. కాల్చునపుడు చేతిని అంత గట్టిగా తన్నును.

2016 నియమములు లైసెన్సు కోరువారికి శిక్షణను విధించినవి. ఆ శిక్షణయందు, అభ్యర్థి తాను కొనఁబోవు తుపాకిని అధికారి యెదుట వట్టిచేసి చూపవలెనని ప్రభుత్వము కట్టడి చేయవలెను. తుపాకితో నిచ్చు సూచనల పత్రము తెలుఁగున నుండవలెను.