సర్వరు పరిపాలనము: వినికిడితో రాని విద్య



గత మాసమున తెనాలినుండి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తె యింజనీరింగు ముగించి, వివాహమై, బిడ్డ పసితనమున నాలుగేండ్లు ఇంటనే యుండి, యిప్పుడు మరల ఉద్యోగమున ప్రవేశింప నెంచినదట. జావా అప్లికేషను సర్వరుల పరిపాలనము నేర్పెదమని హైదరాబాదులో నొక శిక్షణాలయమువారు చెప్పుచున్నారట. రుసుమునకై తన గాజులు కుదువబెట్టవచ్చునా యని తల్లి ప్రశ్న. ఆ శిక్షణాలయమున పిల్ల చేయి దినమున కెన్ని గంటలు కీబోర్డుపై నుండునో తెలియక నేను జవాబు చెప్పజాలను. అట్లేల యందునో వినుడు.

మనము ఫోనునుండియే విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లించునపుడు మనకు కానవచ్చునది తెర మాత్రమే. లెక్కలన్నియు ఎక్కడనో డేటాబేసులో భద్రముగా నుండును. ఈ రెంటి నడుమ నిలిచి, వేలమంది కోరికల నందుకొని, ఎవరి జవాబు వారికి పంపునది అప్లికేషను సర్వరు. 1995లో వెలువడిన జావా భాషలోని ప్రోగ్రాములను నడుపుటకు వెబ్‌లాజిక్కు, వెబ్‌స్ఫియరు, జేబాసు, వీనికంటె తేలికయగు టామ్‌క్యాటు మొదలగునవి కలవు. ప్రోగ్రాము వ్రాయువారు వేరు; దానిని సర్వరుపై నెక్కించి రేయింబవళ్లు నిలుపువారు వేరు. ఈ రెండవవారినే ఆఫీసులలో అడ్మినులందురు.

ఇందలి విషయము మన కందనిదేమియు కాదు. వెబ్‌లాజిక్కులో డొమైను అనునది యొక సంసారము వంటిది. అందు పెత్తనము చేయు అడ్మిను సర్వరొకటి, పాటుపడు మేనేజ్‌డు సర్వరులు కొన్ని. ఇల్లాలు పుట్టింటికి పోయినంతమాత్రమున పొయ్యి ఆరదు గదా! అట్లే అడ్మిను సర్వరు ఆగినను, అప్పటికే నడచుచున్న తక్కిన సర్వరులు తమ పని తాము చేయుచునే యుండును. క్రొత్త యేర్పాట్లకు మాత్రము ఆమె రావలసినదే. ఇక డేటాబేసుతో మాటలాడుటకు సర్వరు కొన్ని దారులను తన యధీనమున నుంచుకొనును. మనము మార్చనిచో వెబ్‌లాజిక్కులో వాని గరిష్ఠ సంఖ్య 15. పదిహేను గ్లాసులున్న యింట, త్రాగినవారు గ్లాసు తిరిగి యీయకున్నచో, పదునారవ చుట్టము దాహముతో నిలువవలసినదే. ప్రోగ్రాములో లోపముండి దారులు తిరిగి రానపుడు, తెలియని యడ్మిను 15ను 50గా మార్చి ఊరకుండును. కొన్నాళ్లకు ఆ యేబదియు హరించును. ఇది చదివినను బోధపడును. కాని లోపమున్న చోటును పట్టుకొను చూపు చదివినంతనే రాదు.

మా చెల్లెలి కుమార్తె కథ చెప్పెదను. ఆమె కొన్నేండ్ల క్రిందట హైదరాబాదు అమీరుపేటలో నీ విద్యకై చేరెను. మైత్రీవనము చుట్టుప్రక్కల నిట్టి శిక్షణాలయములెన్నియో కలవని మీలో పలువు రెరుగుదురు. ఆమె చేరిన చోట నెలదినములు ఉపాధ్యాయుడు తెరపై చేసి చూపెను. పిల్లలు నోటుపుస్తకములు నింపిరి. సర్టిఫికెటును వచ్చినది. తరువాత ఉద్యోగపు పరీక్షలో నొకాయన, "సర్వరు లేచుటలేదు. మొట్టమొదట ఏమి చూచెదవు?" అని యడిగెనట. పిల్ల క్లస్టరునకు నిర్వచనము అప్పజెప్పెను! ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, నాకన్నియు తెలియును, ఏమియు రాదు" అని యేడ్చినది. ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది.

రెండవమారు దొరికిన గురువు ఉద్యోగములో నెరసినవాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సర్వరు నప్పగించి, ప్రతిదినము ఉదయము తానే దానిని చెడగొట్టి పోవువాడు. ఒకనాడు డేటాబేసు సంకేతపదము మార్చును. ఒకనాడు డిస్కును పనికిరాని ఫైళ్లతో నింపును. ఒకనాడు కాన్ఫిగరేషనులో నొక యక్షరము తుడిచివేయును. అడిగినచో "లాగు చదివితివా?" అనుటయే కాని జవాబు చెప్పడు. లాగనగా సర్వరు తన క్షణక్షణపు సంగతులను తానే వ్రాసికొను దినచర్య. మూడవనాడు పిల్ల రెండు గంటలు వెదకి, నిన్నటి సర్వరు సరిగా చావక 7001 పోర్టును పట్టుకొని యున్నదనియు, అందుచేతనే నేటిది లేచుటలేదనియు కనిపెట్టెను. నిర్వచనము నాకక్కరలేదు పెద్దమ్మా యని ఆనాడు ఫోనులో నవ్వినది.

ఆ గురువు నేర్పినదానిలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. సర్వరు బిగుసుకొనిపోయినపుడు వెంటనే ఆపి మరల నడుపుట అందరికి తోచు ఉపాయము. అట్లు చేసినచో జబ్బు కనబడకుండ పోయి మరల వచ్చును. ఆపుటకు ముందు పది సెకనుల యెడముతో మూడుమారులు థ్రెడ్ డంపు తీసికొమ్మనెను. లోపల నెవరెవరు ఏ పనిలో నున్నారో అందు తెలియును. మూడింటను ఒకేచోట నిలిచినవానిని ముందుగా అనుమానింపవలెను. ఈ పని ఆందోళనలో చేయవలసినది గనుక, ముందుగా చేతి కలవాటు కావలెను.

ఇంట సాధనకు ఖర్చు స్వల్పము. జేబాసు వంశములోనిదే యైన వైల్డ్‌ఫ్లై ఉచితముగా దొరకును. ఆ పేరు 2013లో వచ్చినది. ఎనిమిది జీబీల మెమరీ గల ల్యాపుటాపు చాలును. ఒక యంత్రముమీదనే రెండు సర్వరులు నడుపవచ్చును: రెండవదానికి పోర్టులన్నియు నూరేసి జరిపినచో 8080 బదులు 8180 అగును, తగవుండదు. అయితే ఒక జాగ్రత్త. అన్నగారో భర్తగారో "ఇటు తెమ్ము, నేను చేసి పెట్టెదను" అని కీబోర్డు లాగికొందురు. ప్రేమతోనే లాగికొందురు, విద్య మాత్రము వారికే వచ్చును.

కావున తెనాలి సోదరీ, రుసుము కట్టుటకు ముందు పిల్లను రెండు దినములు ఆ తరగతిలో కూర్చుండనిండు. తనకని యొక సర్వరు నిత్తురా? దానిని చెడగొట్టనిత్తురా? ఈ రెండు ప్రశ్నలు అడుగుమనుడు. తడబడినచో గాజులు మీ చేతికే యుండనిండు. రెడ్‌హ్యాటువారు కూడ తమ పరీక్షలలో యంత్రముపై పని చేయించియే యోగ్యత నిర్ణయింతురు గాని, జవాబులకు గుర్తులు పెట్టించి కాదు.

రాత్రిపని యుండునా యని మీరడిగితిరి. ఉండును. సర్వరులు నిద్రపోవు గనుక అడ్మినులు వంతులవారీగా మేలుకొనవలసియుండును. కొన్ని చోట్ల నింటినుండియే చేయవచ్చును. నాలుగేండ్ల బిడ్డ రాత్రి లేచి యేడ్చినపుడు ఎవరెత్తుకొందురో అల్లునితో ఇప్పుడే మాటలాడుకొనుడు. ఉద్యోగము వచ్చిన తరువాత ఆ మాట కష్టమగును.