పట్నం పొలిమేర హోటళ్లు - పల్లె జనం జేబులు

పల్లె నుంచి పట్నానికి పని మీద వచ్చినవానికి ఆ పని ఎప్పుడు తెములుతుందో తెలియదు గాని, ఆకలి మాత్రం వేళకే అవుతుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇవ్వాలని తెల్లవారుఝామున బయలుదేరిన రైతు మధ్యాహ్నానికి గాని బయటపడడు. సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి ప్రాంతాల నుంచి విజయనగరం పెద్దాసుపత్రికి వచ్చేవారి సంగతీ అంతే. రోగికి తోడు వచ్చిన మనిషి పూటపూటకూ బయట తినాలి. ఎక్కడ తినాలి, ఎంత పెట్టి తినాలి అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. కాని ఎంతోమంది ఈ ప్రశ్నకు జవాబు దొరకక రెండు అరటిపళ్లు, ఒక టీతో పూట గడిపి, రాత్రికి ఇల్లు చేరి అన్నం తింటున్నారు.

హోటళ్లు లేకనా అంటే, కానే కాదు. ఇప్పుడున్నన్ని హోటళ్లు మన ప్రాంతంలో ఎన్నడూ లేవు. అయితే అవి ఉన్న చోటు మారింది. పూర్వం హోటలంటే బస్టాండు ఎదుటో, రైలు స్టేషను దగ్గరో ఉండేది. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి పరిసరాల్లో దొరికేది. బస్సు దిగినవాడు నడిచి వెళ్లి తిని వచ్చేవాడు. నేడు కొత్తవన్నీ ఊరి పొలిమేరలకు చేరుతున్నాయి. మన పెద్దలు నేటికీ ఐదో నంబరు రోడ్డు అని పిలిచే 16వ నంబరు జాతీయ రహదారి వెంట భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా నరసన్నపేట, టెక్కలి దాకా వెళ్లి చూడండి. రంగురంగుల దీపాల బోర్డులు, కార్లు నిలిపే ఖాళీ స్థలాలు, పిల్లలు ఆడుకొనే ఉయ్యాలలు కనబడతాయి. ఊళ్లో స్థలం ఖరీదు ఎక్కువ, బండి పెట్టే చోటు లేదు, కనుక వ్యాపారి పొలిమేరకు పోయాడు. అతన్ని తప్పు పట్టలేము. కాని ఆ హోటల్ కారున్నవానికోసం కట్టినది. ఆటో ఎక్కి అక్కడికి పోయి రావలసినవానికి టిఫిన్ ఖర్చు కంటే ఆటో ఖర్చే ఎక్కువవుతుంది.

డబ్బిచ్చి పూట గడుపుకొనే అలవాటు మనకు కొత్తదేమీ కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉన్నది కదా. ఊరు కాని ఊరు వచ్చినవారికి పూటకింత అని తీసుకొని, ఇంటిలో వండినదే వడ్డించడం ఆ పూటకూళ్ల ఇళ్ల పద్ధతి. బాకీలు ఎగవేసే గిరీశాలు కూడా ఆనాడే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. ఇంటి వంట, ముందే తెలిసిన ధర - ఈ రెండూ ఆ పద్ధతిలోని మంచి. నేటి హోటళ్లలో కొరవడినవి కూడా ఈ రెండే.

ఇక జేబు సంగతికి వద్దాము. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పనికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. పట్నం వచ్చిన రోజున ఆ కూలి రాదు. పైన బస్సు చార్జీ, జిరాక్సు కాగితాలు, మందులు ఉంటాయి. ఈ లెక్క మనసులో పెట్టుకొని చూస్తే, పూటకు వంద రూపాయలు భోజనానికి పెట్టడమంటే ఎంత మాటో బోధపడుతుంది.

అందరికంటె తక్కువ డబ్బున్నవానికి నేడున్న ఆధారం అన్న క్యాంటీన్. టిఫిన్ ఐదు రూపాయలు, మధ్యాహ్న భోజనం ఐదు, రాత్రి భోజనం ఐదు. మూడు పూటలకు కలిపి పదిహేను రూపాయలు. బయట టీ ఒకటి తాగితే ఒక పూట భోజనం డబ్బులు అయిపోతాయి. ఇవి 2018 జులైలో పట్టణాలలో మొదలైనాయి. ప్రభుత్వం మారిన తరువాత 2019లో మూతపడినాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ ప్రారంభించి, తక్కిన పట్టణాలకు విస్తరించారు. పొరుగున తమిళనాడులో 2013లో చెన్నైలో పెట్టిన అమ్మ క్యాంటీన్లు 2021లో అక్కడ ప్రభుత్వం మారినా మూతపడలేదు. ఏ పార్టీ పెట్టినదైనా పొయ్యి పొయ్యే. ఎన్నికల ఫలితాన్ని బట్టి అన్నం కుండ దించడం, ఎక్కించడం మంచి పద్ధతి కాదని రెండు పక్షాలవారికీ చెప్పవలసి ఉన్నది.

ఈ క్యాంటీన్లకు వేళలున్నాయి. ఉదయం ఏడున్నర నుంచి పది వరకు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు. మూడు దాటిన తరువాత ఆఫీసు నుంచి బయటపడినవానికి అక్కడ అన్నం లేదు. కనుక అర్జీ వరుసలో ఇద్దరు నిలబడితే ఒకరు ముందు తిని రావడం తెలివి. ఇంకొక చిక్కు ఆదివారం సెలవు. ఇది ఆఫీసులను చూసి పెట్టిన సెలవు. ఆసుపత్రిలో ఉన్న రోగికి ఆదివారం లేదు. శ్రీకాకుళం విషయంలో ఇది మరీ విడ్డూరం. అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి జనం విరగబడి వచ్చేది ఆదివారమే. పట్నంలో పల్లె జనం ఎక్కువగా ఉండే రోజునే ఐదు రూపాయల అన్నం ఉండదు. పొలిమేర హోటళ్లవారికి ఆదివారమే పెద్ద బేరం.

రైలులో వచ్చేవారికి మరొక దారి ఉన్నది. 2023లో రైల్వేవారు జనరల్ పెట్టెలు ఆగే చోట కౌంటర్లు పెట్టి 20 రూపాయలకు పూరీ, బంగాళాదుంప కూర పొట్లం, 50 రూపాయలకు అన్నం లేక దోశ వంటి పదార్థాలు అమ్మే ఏర్పాటు తెచ్చారు. అన్ని స్టేషన్లలోనూ ఇది లేదు. దిగిన స్టేషనులో ఉంటే వదులుకోవద్దు.

మధ్య తరహా జేబుకు మన పట్నాల్లో మెస్సులు, టిఫిన్ బళ్లు, కర్రీ పాయింట్లు ఉన్నాయి. పూరీలోకి బొంబాయి చట్నీ, ఇడ్లీలోకి అల్లం చట్నీ బాగా చేసే బండి ప్రతి పట్నంలోనూ ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం సులువు: ఆటో డ్రైవర్లు, కలాసీలు ఎక్కడ నిలబడి తింటున్నారో చూడాలి. రోజూ డబ్బు పెట్టి తినేవాడు పాచి తినడు, ఎక్కువ ధరకూ తినడు. భోజనం దగ్గర మాత్రం కూర్చోక ముందే ఒక మాట అడిగి తీరాలి: ప్లేటు భోజనమా, ఫుల్ భోజనమా? ప్లేటు భోజనంలో అన్నం మళ్లీ అడిగితే వేరే డబ్బు. గుడ్డు, అప్పడం, పెరుగు కప్పు విడివిడిగా లెక్క కడతారు. బోర్డు మీద చూసిన ధర వేరు, గల్లా దగ్గర చెప్పే ధర వేరు అన్న తగాదాలు చాలావరకు ఇక్కడ పుట్టినవే. ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చినవారు ఇంటి నుంచి అన్నం కట్టుకొని, కర్రీ పాయింటులో కూర, పప్పు కొనుక్కొని ఏ చెట్టు కిందో తినడం అన్నిటికంటె చవక. ఇందులో నామోషీ లేదు. పెద్ద పెద్ద ఉద్యోగులు క్యారేజీలు తెచ్చుకోవడం లేదా?

ఈ మధ్య తరహా హోటళ్లలో అన్నిటికంటె ఇబ్బంది పడేది ఆడవారు. మగవాడు ఎక్కడైనా నిలబడి రెండు ఇడ్లీ తింటాడు. పసిబిడ్డను చంకనేసుకొని ఆసుపత్రికి వచ్చిన తల్లి రోడ్డు మీద నిలబడి తినలేదు, మగవారు కిక్కిరిసిన మెస్సులో చోటు అడగలేదు. అన్నిటికీ మించి మరుగుదొడ్డి లేదు. మరుగుదొడ్డి లేదని మంచినీళ్లు కూడా తాగకుండా పొద్దస్తమానం గడిపే ఆడవారిని బస్టాండులో ఎవరిని అడిగినా చెబుతారు. పొలిమేర హోటళ్లలో మరుగుదొడ్డి ఉంటుంది, కూర్చోవడానికి చోటు ఉంటుంది, కాని ధర అందదు. ధర అందే చోట మరుగుదొడ్డి లేదు. మనవారి తిండి సమస్యలో అసలు ముడి ఇదే. దీని గురించి ఏ సమీక్షా సమావేశంలోనూ మాట్లాడినట్టు కనబడదు.

ఇక మూడో తరగతి, పొలిమేరలోని ఫ్యామిలీ రెస్టారెంట్లు. అక్కడికి మనవారు పోరనుకుంటే పొరపాటు. హైదరాబాదులోనో, విశాఖలోనో ఉద్యోగం దొరికిన కుర్రవాడు సంక్రాంతికి వచ్చి అమ్మానాన్నలను తీసుకుపోయేది అక్కడికే. పెళ్లిచూపుల మాటలు కూడా అక్కడ సాగుతున్నాయి. పోవద్దని మేము అనము. ఏడాదికి ఒకనాడు చల్లని గదిలో కూర్చుని బిర్యానీ తినాలని మన ముసలివారికి మాత్రం ఉండదా? అయితే బిల్లు చదవడం రావాలి.

2017 నవంబరు 15 నుంచి ఇటువంటి హోటళ్లలో జీఎస్టీ నూటికి ఐదు రూపాయలే. ఏసీ గదిలో కూర్చున్నా అంతే, బయట కూర్చున్నా అంతే. నాలుగు వందల బిల్లుకు కేంద్రం వాటా పది, రాష్ట్రం వాటా పది, కలిసి ఇరవై. అంతకు మించి పన్ను వేస్తే అడగాలి. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వసూలు చేస్తే ఇవ్వనక్కరలేదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లవారు పన్నును తమ జేబు నుంచే కట్టుకోవాలి, తిన్నవాని దగ్గర విడిగా తీసుకోరాదు. సర్వీస్ చార్జీ అని ఇంకొకటి కలుపుతారు. ఇది పన్ను కాదు. దానిని బలవంతంగా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, లేకుంటే తీసివేయమనవచ్చు. మాట వినకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.

నీళ్ల సీసా దగ్గర మాత్రం జాగ్రత్త. కొట్టులో సీసాపై ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోరాదు. కాని హోటలులో కూర్చోబెట్టి వడ్డించినపుడు ఎక్కువ తీసుకోవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి సర్వరు వచ్చి సీసా మూత తిప్పబోతున్నపుడే మామూలు నీళ్లు చాలునని చెప్పడం మేలు. మూత తీసిన తరువాత చేసే వాదన నిలవదు.

శుభ్రత విషయం ఒకటి రెండు మాటలు. 2022 జనవరి నుంచి బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు ఉండాలి. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వాడడానికి 2018 నుంచి హద్దు పెట్టారు. నల్లబడిన నూనెలో బజ్జీ వేసేవాని దగ్గర కొనకపోతే ఏ తనిఖీ అక్కరలేదు. వార్తాపత్రికలో తినే వస్తువులు చుట్టరాదని 2018 నాటి నిబంధనలలోనే ఉన్నది. ఈ మాట పత్రికలోనే రాయవలసి రావడం కొంచెం నవ్వు తెప్పించేదే. మా పత్రికను చదవండి, బజ్జీల కింద మాత్రం పరచవద్దు. అందులోని సిరా కడుపులోకి పోకూడదు.

హోటళ్లవారి కష్టాలు మాకు తెలియనివి కావు. గ్యాసు, నూనె, కూరగాయల ధరలు ఏ వారానికావారం మారుతున్నాయి. పనివారు దొరకడం లేదు. ధర పెంచవద్దని వారిని ఎవరూ అనలేరు. పెంచిన ధరను గుమ్మం దగ్గర, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి పెట్టమంటున్నాము. పొలిమేర హోటళ్లలో మెనూ పుస్తకం ఇంగ్లీషులో ఉంటున్నది. కొన్నిచోట్ల పుస్తకం కూడా లేదు, బల్ల మీది నల్ల గళ్ల ముద్రను సెల్‌ఫోనుతో చూసుకోమంటారు. మీటల ఫోను ఉన్న ముసలాయన ఏమి చూస్తాడు? సర్వరు చెప్పింది విని తల ఊపుతాడు, బిల్లు చూసి గతుక్కుమంటాడు.

అధికారులు చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. శ్రీకాకుళంలో, పెద్దాసుపత్రులున్న ఇతర పట్టణాలలో అన్న క్యాంటీనులు ఒకటి రెండైనా ఆదివారం తెరవాలి. సోమవారాలలో కలెక్టరు కార్యాలయాల దగ్గర మధ్యాహ్నం వేళను మరొక గంట పొడిగించాలి. కార్యాలయ ఆవరణలలో డ్వాక్రా సంఘాలవారికి చిన్న గది ఇచ్చి భోజనం పెట్టనివ్వాలి. ఇంటి వంట, ముందే రాసి ఉన్న ధర ఉంటే ఆ పాత పూటకూలి పద్ధతే మళ్లీ వచ్చినట్టు. ఎండాకాలంలో అక్కడే చోడి అంబలి, మజ్జిగ అమ్మితే టీ బడ్డీల వైపు ఎవరూ పోరు. ఆ గది పక్కన ఆడవారికి తాళం వేయని మరుగుదొడ్డి ఒకటి ఉండాలి. తాళం వేయనిది అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉన్నది. మన కార్యాలయాలలో మరుగుదొడ్లు లేకపోలేదు, వాటి తాళంచెవులు ఎవరో ఒక ఉద్యోగి బల్ల సొరుగులో ఉంటున్నాయి. వచ్చే సోమవారం అర్జీలు తీసుకొనే ముందు ఆ సొరుగులు ఒకసారి తెరిపించమని మూడు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాము.