బగ్గుకి టికెట్టు, ఒంటికి మాత్రం గప్‌చుప్

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఆఫీసు మెట్ల మీద జారి మడమ బెణికించుకున్నాడు. మేముండేది కాలిఫోర్నియాలో. "వర్కర్స్ కాంపెన్సేషన్ క్లెయిము పెట్టావా?" అంటే, "ఎందుకన్నా, ఫోను చూసుకుంటూ దిగాను, తప్పు నాదే. పైగా హెచ్1బి మీదున్నాను" అన్నాడు.

నవ్వొచ్చింది, బాధా వేసింది. ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం నేనూ ఇంతే. ఓ రిలీజు హడావుడిలో కుడి మణికట్టు పట్టేసింది, రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కేవి. "పని వల్ల వచ్చిందా?" అని డాక్టరడిగితే, "అబ్బే, ఇంట్లో సామాన్లు సర్దుతుంటే" అని అబద్ధమాడాను. కోపేలు, ఫిజియోథెరపీ, వాడుకున్న సెలవులు అన్నీ నా ఖాతాలోనే!

తర్వాత చట్టం చదివాక నాలుక్కరుచుకున్నాను. ఇక్కడ అర్హతకి సాధారణంగా తప్పెవరిదన్నది లెక్కలోకి రాదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలిందా అన్నదే ప్రశ్న. నా మణికట్టులా నెలల తరబడి పేరుకున్న నొప్పీ వర్తిస్తుంది. వీసా ఏదన్నది అడ్డు కాదు. చేయాల్సిందల్లా 30 రోజుల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం. తెలిసిన ఒక పనిదినంలో వాళ్ళు డీడబ్ల్యూసీ-1 ఫారం ఇవ్వాలి. అది నింపి ఇస్తే, క్లెయిము తేలేలోపే 10,000 డాలర్ల దాకా వైద్యానికి అనుమతించాలి. కన్సల్టెన్సీ తరఫున క్లయింటు దగ్గర పనిచేసేవాళ్ళు జీతమిచ్చే కన్సల్టెన్సీకి కూడా తప్పకుండా చెప్పాలి.

"క్లెయిము పెడితే ఉద్యోగం పీకేస్తే?" అంటారా. అందుకోసం పీకడం చట్టవిరుద్ధమే. కానీ ఇంకో సాకు చూపించలేరా అంటే చూపించగలరు. ఉద్యోగం పోతే హెచ్1బి వాడికి మహా అయితే 60 రోజుల గడువు. ఆ భయం నాకూ తెలుసు, కొట్టిపారెయ్యను. అయినా చెప్పమనే అంటాను. రేపు ఆ మడమ ముదిరితే, రాసిపెట్టిన కాగితం ఒక్కటే మన పక్షాన ఉండేది.

ఇంకో మాట. ఇది కంపెనీ దయ కాదు, బేరం. ఇక్కడ 1913లో తప్పనిసరైన పద్ధతి ఇది. గాయానికి కంపెనీ మీద దావా వేసే హక్కును చాలావరకు మనం వదులుకున్నాం, బదులుగా ఈ బీమా వచ్చింది. మనవంతు ఎలాగూ ఇచ్చేశాం. వాళ్ళ వంతు అడగడానికి మొహమాటం దేనికి?

స్క్రీను మీద బటను రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగితే టికెట్టు వేస్తాం. ఒళ్ళు జరిగితే మాత్రం దాచుకుంటాం.

కుర్రాడికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈమెయిలు రాయించే దాకా వదలను.