మురిగిపోయే ఓటు ఎవరిది?

"ఒరే అబ్బాయ్, గెలవనోడికేసి ఓటు మురగబెట్టుకోమాక!"

పోలింగుకు ముందు రోజు రాత్రి పల్నాడు పల్లెల్లో పెద్దవాళ్లు కుర్రాళ్లకు చెప్పే హితవు ఇది. చెప్పేవాడు ఏ పార్టీ మనిషైనా మాట మాత్రం మారదు. కొండవీడు కోట కింది ఊళ్లలో ఇదే మాట, అవతల మాచర్ల దాకా వెళ్లినా ఇదే మాట. మూడో పార్టీని దెబ్బతీయడంలో డబ్బుకు, కులానికి ఎంత బలముందో ఈ ఒక్క మాటకూ అంతే బలముంది. పైగా దీనికి ఖర్చుండదు. రెండు పార్టీల వాళ్లూ కలిసి చేసే ప్రచారం ఏదైనా ఉందంటే ఇదే.

దాని వెనకున్న లెక్క తేలికే. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడు ఎమ్మెల్యే. రెండోవాడికి ఏమీ లేదు, మూడోవాడికి అసలే లేదు. అలాంటప్పుడు గెలిచే అవకాశం ఉన్న ఇద్దరిలో ఎవరో ఒకరిని ఎంచుకోవడమే తెలివని జనం అనుకుంటారు. ఈ పద్ధతి ఉన్నచోట రాజకీయం చివరికి రెండు పార్టీలుగా సర్దుకుంటుందని మారిస్ డ్యువర్జే అనే ఫ్రెంచి పండితుడు 1951లోనే పుస్తకం రాశాడు. పల్నాడుకు ఆ సంగతి చెప్పడానికి ఫ్రాన్సు నుంచి ఎవరూ రానక్కర్లేదు. నలగాముడు ఒకవైపు, మలిదేవుడు ఒకవైపు. నాగమ్మ ఒకవైపు, బ్రహ్మనాయుడు ఒకవైపు. కోడిపందెంలో ఓడినవాళ్లు రాజ్యం వదిలి పోయిన కథ వింటూ పెరిగిన సీమ ఇది. బరిలోకి మూడో కోడిని దించితే ఎవరు పందెం కాస్తారు?

అయితే ఓటు పైపందెమా? అసలు చిక్కంతా ఇక్కడే. గెలిచే కోడి మీద కాస్తే నాలుగు రాళ్లు వస్తాయి. గెలిచే పార్టీకి ఓటేసినందుకు వచ్చేదేమిటి? నిజంగా మురిగిపోతున్న ఓట్లు ఎవరివో ఒకసారి లెక్క చూడాలి.

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల - ఏడు అసెంబ్లీ స్థానాలు. కొండవీడు చిలకలూరిపేట కిందికి వస్తుంది. 2019లో ఈ ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2024లో ఈ ఏడూ తెలుగుదేశానివి. ఏడుకు ఏడు, తిరిగి ఏడుకు ఏడు. ఇక రాష్ట్రం లెక్క చూస్తే, 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి. 175లో దక్కిన సీట్లు 23. ఐదేళ్ల తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే వచ్చింది. దక్కినవి 11. అంటే రచ్చబండ మీద కూర్చున్న ప్రతి ఐదుగురిలో ఇద్దరి ఓటు, ఒకసారి వీళ్లది, ఒకసారి వాళ్లది, దాదాపు ఉత్తి చేతులతో ఇంటికొచ్చింది. ఓటు మురగబెట్టుకున్నారని వాళ్లను ఎవరూ అనలేదు. ఓడినా 'మనోళ్లు' అన్నారంతే. అదే మనిషి మూడో గుర్తుకు వేసి ఉంటే ఊరంతా నవ్వేది.

కాబట్టి మురిగిపోవడం మూడో పార్టీకి మాత్రమే పట్టిన తెగులు కాదు. అది పద్ధతిలోనే ఉంది. మూడో పార్టీకి పట్టిన తెగులు వేరు.

దాన్ని తెలుసుకోవాలంటే 2009ని తిరగేయాలి. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టారు. రైలింజన్ గుర్తు మీద 2009 ఎన్నికలకు వెళ్లారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. పుట్టి ఏడాది కూడా నిండని పార్టీకి అది తక్కువేమీ కాదు. కానీ 294 సీట్లలో వచ్చినవి 18. చిరంజీవే తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడారు. అదే ఎన్నికలో మజ్లిస్ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఓట్లు ఒక్క శాతం కూడా లేవు. సీట్లు మాత్రం ఏడు! పదహారు శాతానికి పద్దెనిమిది, ఒక శాతం లోపుకి ఏడు. మజ్లిస్ ఓట్లన్నీ హైదరాబాద్ పాతబస్తీలో కుప్పగా ఉన్నాయి, ప్రజారాజ్యం ఓట్లు రాష్ట్రమంతా జల్లుగా పడ్డాయి. చెరువు నిండాలంటే వాన ఒకచోట కురవాలి కదా. ఇది మన దగ్గరి వింతే కాదు. 2024లో బ్రిటన్‌లో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు వస్తే దక్కినవి 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు 12 శాతం వస్తే దక్కినవి 72.

ఆ 2009 ఎన్నికల మీద ఇంకో వాదం ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రజారాజ్యం లేకపోతే మహాకూటమి గెలిచేదని. కాంగ్రెస్‌కు సుమారు 36.5 శాతం, తెలుగుదేశానికి 28 శాతం, దానికి తోడు టీఆర్‌ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీలు. అంతా కలిపితే కాంగ్రెస్‌కు దగ్గర్లోకి వచ్చేవారే. కాంగ్రెస్ మాత్రం 156 సీట్లతో గట్టెక్కింది. ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీల్చారన్న నింద చిరంజీవి మీద పడింది. అమెరికాలో 2000లో రాల్ఫ్ నాడర్ మీద పడ్డ నింద లాంటిదే ఇది. ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో, నాడర్‌కు అక్కడ వచ్చినవి 97 వేలకు పైగా. నిందలో కొంత నిజముంది. కానీ ఆ ఓట్లన్నీ ఎవరో ఒకరి జేబులో సొమ్మన్నట్టు, మూడోవాడు వాటిని కొట్టేసినట్టు మాట్లాడటం మాత్రం అన్యాయం. రైలింజన్ మీద మీట నొక్కినవాడు కాంగ్రెస్సూ వద్దు, తెలుగుదేశమూ వద్దు అనుకునే నొక్కాడు.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. 2011 ఫిబ్రవరిలో ప్రజారాజ్యాన్ని కాంగ్రెస్‌లో కలిపేస్తున్నట్టు ప్రకటించారు. 2012లో చిరంజీవి రాజ్యసభకు వెళ్లి కేంద్రమంత్రి అయ్యారు. ఇంజను పెట్టెలతో సహా వెళ్లి ఇంకో రైలుకు తగులుకుంది. ప్రయాణికులను మాత్రం ఎవరూ అడగలేదు. కాంగ్రెస్ వద్దనుకుని వేసిన ఓటు కాంగ్రెస్ ఖాతాలో జమ అయింది. ఓటు మురిగిపోవడమంటే ఇదీ. ఓడిపోయినందుకు కాదు, నిలబడనందుకు. ఆ దెబ్బకు తర్వాత వచ్చిన ప్రతి కొత్త పార్టీనీ జనం ముందు అడిగింది "నువ్వెప్పుడు కలిపేస్తావు?" అనే.

జనసేన ఆ అనుమానంతోనే బతకాల్సి వచ్చింది. 2014 మార్చిలో పుట్టి ఆ ఎన్నికల్లో పోటీ చేయకుండా తెలుగుదేశం, బీజేపీలకు మద్దతిచ్చింది. 2019లో బీఎస్పీ, కమ్యూనిస్టులతో కలిసి సొంతంగా దిగితే ఒక్క రాజోలు దక్కింది. పవన్ కల్యాణ్ పోటీ చేసిన గాజువాక, భీమవరం రెండూ పోయాయి. ఆ రాజోలు ఎమ్మెల్యే కూడా కొద్దికాలానికే అధికార పార్టీ వైపు నిలబడ్డారు. ఆ ఏడాది ఇంకో తమాషా కూడా జరిగింది. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు, బీజేపీకి విడివిడిగా వచ్చిన ఓట్లు 'నోటా' కంటే తక్కువ. ఎంతయినా నోటా పార్టీ ఫిరాయించదు.

2024లో పవన్ కల్యాణ్ దారి మార్చారు. తెలుగుదేశం, బీజేపీలతో పొత్తు పెట్టుకుని 21 అసెంబ్లీ సీట్లకు దిగి 21 గెలిచారు. జల్లును కుప్పగా మార్చుకోవడమంటే ఇదే. పార్టీకి అది బ్రహ్మాండమైన బేరం. కానీ కొండవీడులో జనసేన జెండా మోసిన కుర్రాడి సంగతేమిటి? పల్నాడు ఏడు స్థానాల్లో ఒక్కటీ ఆ పార్టీకి రాలేదు. నరసరావుపేట లోక్‌సభ కూడా తెలుగుదేశానిదే. తన పార్టీ రాష్ట్రంలో అధికారంలో భాగమైంది, తన ఈవీఎం మీద మాత్రం తన పార్టీ అభ్యర్థి లేడు. పొత్తు ధర్మం కింద అతను వేరే గుర్తుకు ఓటేశాడు. అది తప్పని అనలేం. కానీ మూడో పార్టీకి ఓటేశాడని కూడా అనలేం.

పొత్తులతో బతికినవాళ్లు ఏమయ్యారో కమ్యూనిస్టులను చూస్తే తెలుస్తుంది. 1994లో తెలుగుదేశంతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 గెలిచాయి. 2004లో కాంగ్రెస్‌తో చేరితే 6, 9. 2009లో మళ్లీ తెలుగుదేశం పక్కన నిలబడితే 4, 1. ఒకసారి ఈ గోడకు, ఒకసారి ఆ గోడకు ఆనుకుంటూ పోతే సొంత కాళ్లు ఉన్నాయన్న సంగతి కార్యకర్త కూడా మరిచిపోతాడు.

మరి మూడోవాళ్లెవరూ ఎదగలేదా? ఎదిగారు. కాకపోతే వాళ్లను మూడోవాళ్లని ఇప్పుడెవరూ అనరు. 1978లో ఇక్కడ కాంగ్రెస్ ఐకి ప్రధాన ప్రతిపక్షం 60 సీట్లున్న జనతా. ఆ ఐదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది, జనతా ఢిల్లీలోనే ముక్కలైంది. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టి 1983 జనవరికల్లా రెండొందలకు పైగా సీట్లు తెచ్చుకున్నారు. వైఎస్సార్ కాంగ్రెస్ కూడా 2011లో పుట్టినప్పుడు మూడోదే. 2012 జూన్ ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాల్లో 15 గెలిచింది, మాచర్ల అందులో ఒకటి. చిరంజీవి ఖాళీ చేసిన తిరుపతి కూడా అప్పుడే వాళ్లకు దక్కింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కాంగ్రెస్‌కు ఇక్కడ సున్నా. అంటే రెండింట్లో ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడు మూడోవాడు అందులో దిగాడు. ఇల్లు ఖాళీ కానప్పుడు వచ్చినవాడు అరుగు మీదే ఉండిపోయాడు, లేదా ఎవరో ఒకరింట్లో అద్దెకు చేరాడు. 2009లో రెండిళ్లూ నిండుగానే ఉన్నాయి.

కొండవీడు చరిత్రా ఒకప్పుడు ఇలాగే నడిచింది. కాకతీయుల ఇల్లు ఖాళీ అయ్యాకే రెడ్డిరాజులు లేచారు. అద్దంకి నుంచి కొండవీడుకు రాజధానిని మార్చుకుని, పెద్ద రాజ్యాల నడుమ సుమారు వందేళ్లు నిలిచారు. తర్వాత కోట విజయనగరానికి, గజపతులకు చేతులు మారుతూ 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైంది. నరసరావుపేట ఎంపీ పేరు కూడా లావు శ్రీకృష్ణదేవరాయలే. ఆయన 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు. ఆ రాయలు కోటను పట్టుకోవాల్సి వచ్చింది, ఈ రాయలుకు కోటే తిరిగి వచ్చింది. రెండు పార్టీల్లో ఒకదాన్ని ఎంచుకోవడమే గట్టి ఓటు అనేవాళ్లు ఈ సంగతి కూడా చూసుకోవాలి.

ఇంత చెప్పినా, రెండు పార్టీల్లో ఒకదానికే ఓటేసే మనిషిని తప్పుపట్టడానికి వీల్లేదు. 2024 మే 13న పోలింగు రోజు పల్నాడులో ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. మాచర్ల నియోజకవర్గంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం అందులో ఒకటి. అలాంటి చోట ఊళ్లో ఎవరి చేతికి అధికారం వస్తే తన చేను, తన ఇల్లు భద్రంగా ఉంటాయో చూసుకుని ఓటేసేవాడికి మూడో పార్టీ సిద్ధాంతం వినిపించడం ఎగతాళి కిందికి వస్తుంది. పోటీ గట్టిగా ఉన్నచోట ఆ భయానికి అర్థముంది. ఇదే చిలకలూరిపేటలో 2004లో ఇండిపెండెంట్‌గా మర్రి రాజశేఖర్ తెలుగుదేశం అభ్యర్థి ప్రత్తిపాటి పుల్లారావును ఓడించింది రెండొందల పైచిలుకు ఓట్లతో. రెండు వీధుల ఓట్లు అవి.

కానీ అదే లెక్కను తిప్పి చూడండి. రెండొందల ఓట్లతో గెలుపోటములు తేలే చోట, ఏ పక్షానికీ అమ్ముడుపోని వెయ్యి ఓట్లకు ఎంత విలువ? మిర్చి యార్డు ధర మీదో, సాగర్ కాలువ చివరి భూముల నీళ్ల మీదో ఒక వెయ్యి మంది కట్టగట్టుకుని మూడో గుర్తు వెనక నిలబడి, వచ్చే ఎన్నికకూ అక్కడే నిలబడతామంటే రెండు పార్టీల వాళ్లూ ఆ గుమ్మం తొక్కుతారు. ఒక్కసారికి ఎవరూ తొక్కరు. ఎన్నిక అవగానే చెదిరిపోతారని వాళ్లకు తెలుసు.

అందుకే మూడో పార్టీ మొదలుపెట్టాల్సింది తిరుపతి మైదానంలో కాదు, ఎంపీటీసీ స్థానంలో. లక్షల మంది వచ్చే సభ కంటే ఒక మండలంలో నాలుగు ఊళ్లు కుప్పగా ఉండటం మేలని మజ్లిస్ లెక్క ఎప్పుడో చెప్పింది. 2006లో పార్టీగా మారిన లోక్‌సత్తాకు మాటల్లో బలముండేది, చదువుకున్నవాళ్ల మెప్పు ఉండేది. 2009లో కూకట్‌పల్లి నుంచి జయప్రకాశ్ నారాయణ ఒక్కరే గెలిచారు. పల్లెలో ఆ పార్టీ జెండా కట్టే మనిషి దొరకలేదు.

ఎడ్లపాడు మండలంలో రేపు ఎవరైనా కొత్త జెండాతో ఇంటి ముందుకొస్తే మేనిఫెస్టో అడిగి లాభం లేదు. అది అందరి దగ్గరా ఉంటుంది. మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, "నాయనా, ఓడిపోయిన మర్నాడు నువ్వెక్కడుంటావు?" అని అడగాలి. దానికి అతను ఏం చెబుతాడో వినే దాకా, గెలవనోడికి వేయొద్దన్న పెద్దాయన కూడా అరుగు మీద కాసేపు ఆగొచ్చు.