ఆడపిల్లల ఆటకి చందా పుస్తకమా?

గత సంవత్సరం ఒక మండల కేంద్రంలో పొదుపు సంఘం సమావేశంలో కూర్చున్నాను. అప్పుల వంతు వచ్చినప్పుడు ఒకామె లేచి మూడువేలు కావాలంది. దేనికని లీడరు అడిగింది. "మా పిల్ల ఖోఖోకి సెలెక్టయిందక్కా. బట్టలు, బూట్లు, చార్జీలు, తిండి అన్నీ మనమే చూసుకోవాలంట" అంది. "కూలి డబ్బులు చాలక చస్తుంటే ఆటలకి అప్పా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చి చదివి చెప్పమంది. ప్రభుత్వ హైస్కూలు ఇచ్చిన కాగితం అది. పిల్ల తెచ్చుకోవలసిన వస్తువులు, కట్టవలసిన మొత్తం, చివరన ఒక వాక్యం: మిగతా ఖర్చు దాతల నుండి సేకరించవలెను.

ఎవరు సేకరించాలి? కాగితంలో లేదు. కానీ ఊళ్ళో అందరికీ తెలుసు. సేకరించేది ఆ పిల్లలూ, వాళ్ళ తల్లులే. హెడ్మాస్టరు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని, యూనిఫారాలు వేసుకుని, అయిదుగురు ఆడపిల్లలు రైసుమిల్లుకీ, ఎరువుల దుకాణానికీ, ఫైనాన్సు ఆఫీసుకీ తిరిగారు. వాళ్ళకి తోడుగా ఈ తల్లే ఒకరోజు కూలి మానుకుని వెళ్ళింది. మిల్లులో గంటసేపు నిలబెట్టి అయిదువందలిచ్చారట. ఇస్తూ, "ఈడొచ్చిన పిల్లలు నిక్కర్లేసుకుని ఆడటమేమిటి?" అని మందలించి పంపారట. అదే స్కూలు మగపిల్లల కబడ్డీ జట్టుకి ఒక కాంట్రాక్టరు ఒక్కడే అందరికీ బనియన్లు, బూట్లు కొనిచ్చాడు.

ఇది ఒక్క ఊరి సంగతే అనుకునేవాళ్ళు పత్రికల జిల్లా పేజీలు తిరగేయండి. దాతల సాయం కోసం ఎదురుచూస్తున్న క్రీడాకారిణి ఫొటోలు మనం ఎన్ని చూడలేదు? చూసి అయ్యో అనుకుంటాం. కొందరం డబ్బు పంపుతాం కూడా. అయితే ప్రభుత్వ బడి తరఫున ఆడటానికి ఎంపికైన పిల్ల అసలు దాత కోసం ఎందుకు ఎదురుచూడాలి అన్న ప్రశ్న మాత్రం వేసుకోం.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి పాఠశాలకీ ఆటస్థలం ఉండాలి. ప్రతి తరగతికీ అవసరమైన ఆటవస్తువులు, క్రీడాసామగ్రి ఉండాలి. చదువు కొనసాగించటానికి అడ్డుపడే ఏ రుసుమూ, ఏ ఖర్చూ పిల్లల మీద పడకూడదు. ఇవి చట్టంలో రాసి ఉన్న మాటలు. కానీ ఈ హక్కు పద్నాలుగేళ్ళ వరకే, ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలోకి వచ్చిన పిల్ల ఈ రక్షణలోంచి బయటపడుతుంది. సరిగ్గా ఆ వయసులోనే పోటీలు పెద్దవవుతాయి, ప్రయాణాలు దూరమవుతాయి. ఆ వయసులోనే ఇంట్లో పెళ్ళి మాటలూ, బట్టల మీద ఆంక్షలూ మొదలవుతాయి. చట్టం చెయ్యి వదిలేసే చోటే పితృస్వామ్యం పట్టు బిగిస్తోంది.

ఇక నిధుల సంగతి. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో క్రీడల గ్రాంటు ప్రాథమిక పాఠశాలకి సంవత్సరానికి 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకి 10 వేలు, హైస్కూలుకి 25 వేల వరకూ అని నిర్ణయించారు. మూడు వందల మంది పిల్లలున్న హైస్కూలుకి ఆ 25 వేలూ పూర్తిగా వచ్చాయనే అనుకుందాం. తలకి ఏడాదికి 83 రూపాయలు. నెలకి ఏడు రూపాయలు కూడా కాదు. దీంతో బంతులు కొనాలా, వలలు కొనాలా, పిల్లల్ని జిల్లా దాటించాలా? లోటు ఎవరు పూడ్చాలో ప్రభుత్వం నోటితో చెప్పదు. కుటుంబాలకి అర్థమయ్యేట్టు మౌనంగా ఉంటుంది.

ఈ మౌనానికి ఒక చరిత్ర ఉంది. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత రాజ్యం తన బాధ్యతల్ని ఒక్కొక్కటిగా 'ప్రజా భాగస్వామ్యం' పేరుతో మనకి అప్పగించటం నేర్చుకుంది. 1997లో జన్మభూమి వచ్చినప్పుడు ఊరి పనులకి ఊరివాళ్ళే వాటా వేసుకోవాలన్నారు. శ్రమదానంలో తట్టలు మోసిన ఆడవాళ్ళు మనకి గుర్తున్నారు. 2013 కంపెనీల చట్టం గ్రామీణ క్రీడలకి శిక్షణని కంపెనీలు 'సామాజిక బాధ్యత' కింద ఖర్చుపెట్టదగిన అంశాల్లో చేర్చింది. 2021లో కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి 2.0 పేరుతో బడులకి దాతల్ని వెతికిపెట్టే ఏర్పాటు చేసింది. దానధర్మం ప్రభుత్వ విధానమైపోయింది.

దీని భారం ఆడా మగా ఇద్దరిమీదా సమానంగా పడదు. మగపిల్లాడి ఆటకి పెట్టేది పెట్టుబడి, రేపు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందన్న ఆశ. ఆడపిల్ల ఆటకి పెట్టేది దండగ, కట్నం సొమ్ములోంచి తరుగు. డబ్బు తేవలసివచ్చినప్పుడు తండ్రి "నాకు తెలీదు, మీ ఇష్టం" అనగలడు. తల్లి పొదుపు సంఘానికి వెళ్తుంది. వడ్డీ ఆమెదే, కూలి నష్టం ఆమెదే, పిల్ల కాలు విరగ్గొట్టుకుంటే మాటపడేదీ ఆమే. జట్టు వెంట మహిళా టీచరు లేకపోతే తోడు వెళ్ళే బాధ్యతా ఆమెదే.

మరో సంగతి. దాత గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకోదు. దళిత వాడ పిల్లలు ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళ ముందు చందా పుస్తకం పట్టుకుని నిలబడితే, ఏ చేతులు కట్టుకోవటం నుంచి బయటపడాలని వాళ్ళ పెద్దలు పోరాడారో ఆ చేతులు కట్టుకోవటాన్నే బడి మళ్ళీ నేర్పుతోంది. ఇచ్చినవాడికి ఫొటో కావాలి, బనియను వీపు మీద పేరు కావాలి. పిల్లల బట్టల మీదా, నడవడి మీదా వ్యాఖ్యానించే హక్కు కూడా అయిదువందలకే వస్తోంది. ఇదంతా చూసి, "నేను ఆడనులే సార్" అని వెనక్కి తగ్గిన పిల్లలు ఏ లెక్కల్లోనూ కనిపించరు.

గెలిచినవాళ్ళు కనిపిస్తారు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా బంగారు పతకం గెలిచినప్పుడు, తండ్రి సెక్యూరిటీ గార్డు అనీ తల్లి ఇళ్ళల్లో పనిచేసిందనీ అందరూ గర్వంగా రాశారు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెస్తే తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఆ బిడ్డల గెలుపు మనందరి గెలుపు. ఆ కోటి ఆమె కష్టార్జితం. నా తగువు దానితో కాదు. పతకం వచ్చాక కోటి ఇవ్వగల రాజ్యానికి, పోటీకి వెళ్ళే ముందు బస్సు చార్జీ ఇవ్వటానికి ఏమి అడ్డమొచ్చింది అన్నదే నా తగువు.

ధనిక దేశాల్లో ఈ బాధ ఉండదనుకోకండి. అమెరికాలో హైస్కూలు జట్ల కోసం తల్లిదండ్రులు 'బూస్టర్ క్లబ్బులు' పెట్టుకుని, కార్లు కడిగి, మిఠాయిలు అమ్మి డబ్బు పోగుచేస్తారు. తేడా ఏమంటే అక్కడ దీన్ని కోర్టుకి ఈడ్చారు. బడి చదువు ఉచితమైతే ఆటలూ అందులో భాగమే, రుసుము వసూలు చెయ్యకూడదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది. ఫ్లోరిడాలో మగపిల్లల బేస్‌బాల్ మైదానానికి మంచి సౌకర్యాలుండి, ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మైదానానికి లేకపోతే, అవి తల్లిదండ్రులు పోగుచేసిన డబ్బుతో వచ్చినవని బడి యాజమాన్యం వాదించింది. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినా సమానత్వం చూపవలసిన బాధ్యత యాజమాన్యానిదేనని 1997లో ఫెడరల్ కోర్టు చెప్పింది. విద్యలో లింగవివక్షని నిషేధిస్తూ 1972లో వచ్చిన చట్టం ఆ తీర్పుకి ఆధారం. చందాలు అక్కడ ఆగిపోలేదు. కానీ నిలదీయటానికి ఆ ఆడపిల్లల చేతికి ఒక సూత్రం దొరికింది. మనకి కావలసిందీ అదే.

"సూత్రాలు మాట్లాడుకుంటూ కూర్చుంటే రేపు పొద్దున బస్సు ఎక్కేదెలా?" అని కార్యకర్తలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు నేనూ పర్సు తీశాను. మన సంస్థలూ బనియన్లు కొనిచ్చాయి, మన పేర్లూ ఆ వీపుల మీద ఉన్నాయి. ఇవ్వవద్దని అనను. ఇచ్చి ఊరుకోవద్దంటున్నాను. మనం కొనిచ్చిన ప్రతి జత బూట్లకీ ఒక అర్జీ జతచేయాలి: ఇది మీరు ఇవ్వవలసింది, ఎందుకివ్వలేదు అని.

ఆ అర్జీలో ఏముండాలి? బడి తరఫున ఎంపికైన ప్రతి పిల్లకీ ప్రయాణం, భోజనం, దుస్తుల ఖర్చు బయల్దేరే ముందే ప్రభుత్వం ఇవ్వాలి. పిల్లల చేత చందాలు అడిగించటం పూర్తిగా నిషేధించాలి. దాతలు ఇచ్చేది ఏదైనా పాఠశాల ఉమ్మడి నిధికి చేరాలి, ఆడ, మగ జట్లకి సమానంగా అందాలి. బాలికల జట్టు వెంట మహిళా టీచరు తప్పనిసరిగా వెళ్ళాలి. విద్యాహక్కు పన్నెండో తరగతి వరకూ విస్తరించాలి.

దీనికి వేదిక కూడా ఉంది. విద్యాహక్కు చట్టం కింద పాఠశాల యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలుండాలి, గ్రాంట్ల ఖర్చుని ఆ కమిటీలే పర్యవేక్షించాలి. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకి అధ్యక్షులు మహిళా సంఘాల నాయకురాళ్ళే. బడి మరమ్మతుల బిల్లుల మీద సంతకం పెట్టే అమ్మ, క్రీడల గ్రాంటు ఎంత వచ్చింది, ఎవరి ఆటకి ఖర్చయింది అని అడగలేదా? చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. వచ్చే మూడు నెలల్లో మనం పనిచేసే ప్రతి మండలంలో కనీసం ఒక హైస్కూలులో ఈ లెక్క అడుగుదాం.

ఆ రోజు సంఘం ఆమెకి మూడువేలూ ఇచ్చింది. నవ్వినవాళ్ళే తీర్మానం మీద సంతకాలు పెట్టారు. పిల్ల వెళ్ళింది, రెండో మ్యాచిలో ఓడి తిరిగొచ్చింది. తల్లి పది నెలలు కంతులు కట్టింది. ఓడిపోయినా, గెలిచినా, ఆడే హక్కు ఆ పిల్లది. కంతులు కట్టవలసింది మాత్రం ఆ తల్లి కాదు.