చిరునామా అక్కడ, పని ఇక్కడా?

దాజీ పేట్ గల్లీల్లో సాంచాల మోత మునుపటంత లేదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన తాత మగ్గం నేశాడు, తండ్రి సాంచా నడిపాడు, తల్లి బీడీలు చుట్టింది. మనవడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొందరు పుణే, హైదరాబాద్ వెళ్లి ఉద్యోగాలు చేస్తుంటే, కొందరు ఇంట్లోనే ఉండి విదేశీ ఖాతాదారులకు సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే ఇలాంటి కుర్రాళ్ల కోసం ఇంటర్నెట్ నిండా ఒక సలహా సిద్ధంగా ఉంది: ‘జార్జియాలో కంపెనీ పెట్టు, ఐటీ హోదా తెచ్చుకో, లాభం మీద పైసా పన్ను ఉండదు.’

ఈ మాట పచ్చి అబద్ధమైతే ఇక్కడ రాయవలసిన పని లేదు. సగం నిజం కనుకనే చిక్కు.

జార్జియా అంటే అమెరికాలోని రాష్ట్రం కాదు, నల్ల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. మన పిల్లలు డాక్టరు చదువుకు వెళ్తున్న దేశమే. అక్కడ ‘వర్చువల్ జోన్’ అనే హోదా ఉంది. అది పొందిన కంపెనీ తాను తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌ను బయటి దేశాలకు అమ్మితే ఆ లాభంపై పన్ను లేదు. మామూలు కంపెనీకైతే 15 శాతం. ఇంతవరకు నిజం. మిగతాది ఎవరూ చెప్పరు. డివిడెండ్ తీసుకుంటే 5 శాతం, జీతం ఇస్తే 20 శాతం అక్కడ కట్టవలసిందే. కాల్ సెంటర్, ప్రకటనల పని, ఉత్త సలహాలు ఈ హోదాలోకి రావు. 2020లో వచ్చిన ‘ఇంటర్నేషనల్ కంపెనీ’ హోదాలో లాభంపైనా జీతంపైనా 5 శాతమే గానీ, దానికి ఆ పనిలో రెండేళ్ల అనుభవం చూపాలి. అన్నిటికంటే ముఖ్యం, పని చేసే మనుషులు అక్కడ ఉన్నారా అన్నది. టిబిలిసిలో ఒక చిరునామా, దాజీ పేట్‌లో ఒక కంప్యూటర్ అంటే నిలబడే లెక్క కాదు.

ఇక మన దేశం సంగతి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడే ఉన్నవాడి ఆదాయం ప్రపంచంలో ఎక్కడ పుట్టినా ఇక్కడ పన్నుకు వస్తుంది. కంపెనీ అక్కడిదైనా, నడిపేది, పని చేసేది ఇక్కడే అయితే ఆ మేరకు లాభాన్ని కూడా మన ఆదాయపు పన్ను శాఖ అడగగలదు. జార్జియాతో మనకు 2011లో కుదిరిన ఒప్పందం ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా చూసేందుకే గానీ, ఎక్కడా పడకుండా చేసేందుకు కాదు. బయటి కంపెనీలో వాటా కొనాలంటే బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కాగితాలు పెట్టాలి, ఆ తర్వాత ఏటా నివేదిక ఇవ్వాలి. రిటర్నులో విదేశీ ఆస్తి చూపాలి. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటి ఉండి చూపకపోతే, 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. ఒక నేతన్న ఇంటికి 10 లక్షలంటే ఏమిటో వేరే చెప్పాలా?

పన్ను మినహాయింపు షోలాపూర్‌కు కొత్త మాటేం కాదు. తువ్వాళ్లు ఎగుమతి చేసే వ్యాపారులకు ఆ రుచి తెలుసు. సాఫ్ట్‌వేర్ పార్కుల్లోని ఐటీ కంపెనీలకూ, నూరు శాతం ఎగుమతి యూనిట్లకూ ఉన్న మినహాయింపులు రెండూ 2011 మార్చి 31తోనే ముగిశాయి. ఆర్థిక మండలాల్లో కొత్త యూనిట్లకు ఇచ్చే రాయితీ తలుపు కూడా ఆ తర్వాత మూసుకుంది. ప్రభుత్వం ఇచ్చిన హోదాకు గడువు ఉంటుంది, నమ్ముకుని అప్పు చేసినవాడికి మాత్రం వాయిదా ఆగదు.

మరి ఇక్కడ దారే లేదా అంటే, ఉంది. 2016 ఏప్రిల్ 1 నుంచి నమోదైన స్టార్టప్‌లు పదేళ్లలో తమకు నచ్చిన వరుస మూడేళ్లు లాభంపై పన్ను లేకుండా ఉండవచ్చు. ఈ గడువును 2025 బడ్జెట్‌లో 2030 వరకు పొడిగించారు. అయితే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయో ఎల్‌ఎల్‌పీయో అయి ఉండాలి, పాత వ్యాపారాన్ని చీల్చి పెట్టింది కాకూడదు. చాలామంది పొరబడేది ఒకచోట: స్టార్టప్‌గా గుర్తింపు పత్రం వచ్చినంత మాత్రాన పన్ను పోదు. అంతర్ మంత్రిత్వ బోర్డు నుంచి వేరే సర్టిఫికెట్ రావాలి, వస్తువులోనో పద్ధతిలోనో కొత్తదనం చూపాలి. ఒకరిద్దరు ఖాతాదారులకు కూలి పనిలా కోడ్ రాసిచ్చేవాడికి అది దొరకడం కష్టమే. అలాంటివాడు పన్ను కట్టి నిశ్చింతగా ఉండటమే లాభం అని మా అభిప్రాయం.

ఈ ఫారాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో చెప్పేవాడు దొరక్క కుర్రాళ్లు ఫీజు అడిగే కన్సల్టెంట్ మాటే నమ్ముతారు. రాఖీ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం అంత ఘనంగా జరిపించే మన సమాజం పెద్దలు, రిటర్నుల గడువుకు ముందు ఒక ఆదివారం ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను పిలిపించి రెండు గంటలు మాట్లాడించలేరా? ఖర్చు మైకు, చాయ్.