మెంబరు గారు వచ్చారా?

ఎన్నికలప్పుడు గుమ్మం ముందుకొచ్చి దండం పెట్టిన వార్డు మెంబరు గారు గెలిచాక ఎన్ని సమావేశాలకు వెళ్లారు? చెప్పగలిగిన ఓటర్లు అరుదు. రోడ్డు వేశారా, కుళాయి వచ్చిందా అని నిలదీస్తాం. అవి తేలే చోట మన మనిషి కూర్చున్నారో లేదో మాత్రం పట్టించుకోం.

బాపట్ల జిల్లా అమృతలూరునే తీసుకోండి. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. పంచాయతీ కాబట్టి ఇక్కడ ఉండేది వార్డు సభ్యులు. తెనాలి, రేపల్లెల్లో అయితే కౌన్సిలర్లు. పేరు ఏదైనా బాధ్యత ఒకటే. డెల్టా ఊళ్లలో కాలువలు కట్టేసేలోపు మంచినీటి చెరువు నింపుకోవాలి. వానలకు ముందే మురుగు కాలువల్లో పూడిక తీయించాలి. ఏ వీధికి ముందు, ఏ వీధికి తర్వాత? ఆ మాట వచ్చిన రోజు మెంబరు లేకపోతే చివరి వీధి గోడు వినిపించేదెవరు?

సంతకంతో సరా?

హాజరును చట్టం తేలిగ్గా తీసుకోలేదు. ఎమ్మెల్యే అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్లు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగంలోని 190వ అధికరణం చెబుతోంది. 1965 నాటి పురపాలక చట్టం ప్రకారం వరుసగా మూడు నెలలు సమావేశాలకు రాని కౌన్సిలరు పదవికే ముప్పు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో వార్డు సభ్యులకూ ఇలాంటి నిబంధనే ఉంది. అయితే సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయినా లెక్కలో హాజరే!

మరో చిక్కూ ఉంది. స్థానిక సంస్థల్లో మహిళలకు సగం స్థానాలు ఇస్తూ 2011లో రాష్ట్రం చట్టం తెచ్చింది. కానీ చాలాచోట్ల గెలిచేది ఆమె, కుర్చీలో కూర్చునేది ఆయన. ఈ 'సర్పంచ్ పతి' పోకడపై అధ్యయనానికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో కమిటీనే వేయాల్సి వచ్చింది.

మన హాజరో?

గ్రామసభ సంగతి వేరు. అక్కడ ఊరి ఓటర్లంతా సభ్యులే. ఏడాదికి కనీసం రెండుసార్లు జరపాలి. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ నివేదిక అక్కడ జనం ముందుకు రావాలి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు ఉపాధి హామీ పనులపై గ్రామసభలు పెట్టారు. ఆర్భాటం లేని మామూలు సభలకూ జనం వస్తేనే అసలు ఫలితం.

మెంబరు హాజరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద హాజరు పట్టీ, తీర్మానాల పుస్తకం నకళ్లు అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పిల్లల ప్రోగ్రెస్ కార్డులో ముందు హాజరు చూసి, తర్వాత మార్కులు చూస్తాం. ఓటు అడగడానికి వచ్చేవారికీ ఆ పద్ధతే మంచిది.